బొగ్గు అప్పు ఎవరు తీరుస్తారు?

తెలుగులో దొరికిన అతి పాత శాసనాల్లో ఒకటి కలమల్లది. క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళరాజు వేయించినది. అదే కలమల్ల దగ్గర ఈనాడు రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు అందరూ ఆర్టీపీపీ అంటారు.

మొదటి రెండు యూనిట్లు 1994, 1995లలో నడవడం మొదలైంది. ఒక్కొక్కటి 210 మెగావాట్లు. 2018లో 600 మెగావాట్ల ఆరో యూనిట్ వచ్చాక మొత్తం 1650 మెగావాట్లు అయింది. కడప జిల్లాలో బొగ్గు లేదు. సింగరేణి నుంచి రైల్లో రావాలి. కొత్తగూడెం, ఇల్లందు చుట్టూ ఆ గనులున్న నేల మన కోయ సోదరుల నేల.

ఆ మొదటి యూనిట్లు కట్టేనాటికి ఊరివాళ్లను అడగాలనే చట్టం లేదు. పర్యావరణ అనుమతికి ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి అయింది 1997లో. పులివెందుల వైపు తుమ్మలపల్లె యురేనియం గనికి 2006లో అలాంటి సభ జరిగింది. రైతులు నేల గురించి, నీటి గురించి అడిగారు. కానీ అలాంటి సభ ప్రాజెక్టుకు ముందు ఒక్కసారే జరుగుతుంది.

ఏటా జరిగే విచారణ ఇంకొకటి ఉంది. అది డబ్బు గురించి. 1998 విద్యుత్ సంస్కరణల చట్టంతో, 1999లో విద్యుత్ నియంత్రణ మండలి ఏర్పడింది. 2000లో చార్జీలు పెంచితే రాష్ట్రమంతా ఉద్యమం లేచింది. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. 2003 విద్యుత్ చట్టం ప్రకారం చార్జీల ప్రతిపాదనను పత్రికల్లో ప్రకటించాలి. ప్రజల అభ్యంతరాలు చూశాకే మండలి ఆదేశం ఇవ్వాలి.

థర్మల్ కేంద్రం కట్టడానికి తెచ్చిన అప్పు, దాని వడ్డీ స్థిర చార్జీలో కలుస్తాయి. యూనిట్ నడవడానికి సిద్ధంగా ఉంటే చాలు, కరెంటు తీసుకోకపోయినా ఆ చార్జీ కట్టాలి. నిర్మాణం ఆలస్యమైతే వడ్డీ పెరుగుతుంది. చివరికి ఆ భారం మన బిల్లు మీద గానీ, ప్రభుత్వ ఖజానా మీద గానీ పడుతుంది. ఉచిత కరెంటు వచ్చే తండాకు, కాలనీకి కూడా ఇది సంబంధించిన విషయమే. ఆ రాయితీ సొమ్మును ప్రభుత్వం ముందుగా చెల్లించాలని అదే చట్టం 65వ సెక్షన్ చెబుతుంది.

కడప జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతం లేదు. 1/70 చట్టం గానీ, పీసా గ్రామసభ గానీ ఇక్కడి ఎరుకల, యానాది, సుగాలీలకు వర్తించవు. కాబట్టి ఉన్న వేదికను వదులుకోకూడదు.

ఉపాధ్యాయ మిత్రులారా, నోటీసు వచ్చినప్పుడు దాన్ని తరగతిలో చదివించండి. యువకులారా, మూడు ప్రశ్నలు రాయండి: యూనిట్ కట్టడానికి ఎంత అప్పు తెచ్చారు? ఆలస్యం వల్ల పెరిగిన వడ్డీ ఎవరు భరిస్తున్నారు? పోయిన ఏడాది అది ఎన్ని రోజులు నడిచింది? సంతకం, చిరునామా పెట్టి గడువులోగా పంపండి. స్వయంగా మాట్లాడాలనుకుంటే అదీ రాయండి.

మండలి ఆదేశంలో అభ్యంతరం, దానికి కంపెనీ జవాబు, మండలి అభిప్రాయం అచ్చవుతాయి. కలమల్ల శాసనంలో రాజు మాటే ఉంది. ఈ ఆదేశంలో మన మాట కూడా ఉండాలంటే, ముందు మనం రాయాలి.