భారతం జరిపే ఊళ్లు

గ్రీకు పురాణాలు మనకు పుస్తకాల్లో, సినిమాల్లో పరిచయం. జ్యూస్, అథీనా, హెరాక్లీస్ కథలు చదివి, అంత తెలివైన జనం ఇన్ని వింతల్ని ఎలా నమ్మారా అని ఆశ్చర్యపోతాం. ఆ ప్రశ్న మనల్ని పక్కదారి పట్టిస్తుంది. ఏథెన్సు మనిషికి దేవత అంటే ముందుగా రోజూ చేయవలసిన పని. ఇంటి పొయ్యిలో హెస్టియా ఉంటుంది. పుట్టిన బిడ్డను కొద్దిరోజులకు ఆ పొయ్యి చుట్టూ తిప్పితేనే ఆ ఇంటి మనిషి అవుతాడు. గుమ్మాల ముందు, కూడళ్లలో హెర్మీస్ రాతిస్తంభాలు నిలబడి ఉంటాయి. క్రీ.పూ. 415లో ఒక రాత్రి ఎవరో వాటి ముఖాలు పగలగొడితే, సిసిలీ మీదికి నౌకలు పంపబోతున్న నగరమంతా అపశకునమని వణికిపోయింది. పురాణాన్ని బతికించేది నమ్మకం కన్నా, ఏటేటా ఒక ఊరు కలిసి దాన్ని జరపడమే అని నేననుకుంటాను. గ్రీసులో ఆ జరపడం ఆగిపోయి పదహారు వందల ఏళ్లయింది. అది ఎలా ఉండేదో ఊహించాలంటే పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల వైపు, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు చూడాలి.

ఈ సీమ పల్లెల్లో ఎండాకాలం వచ్చిందంటే ద్రౌపదమ్మ, ధర్మరాజుల గుడి ముందు భారతం మొదలవుతుంది. ధ్వజం ఎత్తి, కంకణాలు కట్టి, చాలాచోట్ల పద్దెనిమిది రోజులు జరిపే దీన్ని మహాభారత యజ్ఞం అంటారు. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. అంతవరకే అయితే ఇది కథాకాలక్షేపం. కానీ కొన్ని రోజుల్లో కథ రంగస్థలం దిగి ఊళ్లో నడుస్తుంది. బకాసుర వధ నాడు భీముడి వేషగాడు బండెక్కి వీధులు తిరుగుతాడు. ఏకచక్రపురం వాళ్లు పంపిన బండెడు అన్నం ఇక్కడ ఈ ఊరి ఇళ్లలోంచే వస్తుంది. అర్జున తపస్సు నాడు నిలబెట్టిన ఎత్తైన మాను మీదికి అర్జునుడు పద్యాలు పాడుకుంటూ మెట్టు మెట్టుగా ఎక్కుతాడు. కింద బిడ్డలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో నేల మీద వరపడి ఉంటారు. పైనుంచి విసిరే నిమ్మకాయ, విభూతి అందితే కడుపు పండుతుందని వాళ్ల ఆశ. పాశుపతం కోసం ఎవరో చేసిన తపస్సు ఫలం ఈ ఊరి ఇల్లాలి ఒడికి చేరుతోందన్నమాట. కడపటి రోజు మైదానంలో మట్టితో పోసిన దుర్యోధనుడి పెద్ద బొమ్మ వెల్లకిలా పడుకుని ఉంటుంది. భీముడు తొడ మీద గదతో కొట్టగానే ఎర్రనీళ్లు చిమ్ముతాయి, ద్రౌపది జుట్టు ముడుచుకుంటుంది, జనం ఎగబడి ఆ మట్టిని ఇంటికి తీసుకెళ్తారు. పొద్దుగూకాక కంకణం కట్టినవాళ్లు అగ్నిగుండం తొక్కుతారు.

ఏథెన్సులో దియోనీసస్ ఉత్సవాన్ని దీని పక్కన పెట్టి చూడండి. అక్రోపోలిస్ దక్షిణపు వాలులో ఆ దేవుడి గుడిని ఆనుకునే రంగస్థలం ఉండేది. మనం ఇప్పుడు సాహిత్యంగా చదువుకునే విషాద నాటకాలు ఆ ఉత్సవంలో భాగంగా, బలులూ ఊరేగింపులూ జరిగే రోజుల్లోనే ఆడినవి. బృందగాయకుల ఖర్చు ఒక సంపన్నుడు ఎత్తుకోవాలి. క్రీ.పూ. 472లో ఈస్కిలస్ రాసిన 'పర్షియన్లు' నాటకానికి ఆ భారం మోసినవాడు అప్పటికింకా కుర్రవాడైన పెరిక్లీస్. మన దగ్గర ఒక్కో రోజు ఖర్చు పెట్టుకునే ఉభయదారుడిదీ ఇదే పాత్ర. ప్రతిఫలంగా అతనికి దక్కేది ఆ రోజు గుడి మర్యాద. పెళ్లైన ఆడవాళ్లే జరుపుకునే, పంటల దేవత దిమీటర్ పండుగ థెస్మోఫోరియా ఇంకా దగ్గరి పోలిక. గోతుల్లో వేసిన పందిపిల్లల అవశేషాలను పైకి తీసి, విత్తనాల్లో కలిపి చల్లితే పంట బాగుంటుందని వాళ్ల విశ్వాసం. కూతురు పెర్సెఫనీని పాతాళం మింగిన కథ అలా విత్తనాల బుట్ట దాకా వచ్చింది. దుర్యోధనుడి మట్టిని ఇంటికి మోసుకెళ్లే చేతుల్లోనూ ఆ తర్కమే ఉంది: పడిపోయిన శరీరంలోంచి బతుకుకు కావలసింది తీసుకోవడం.

పుంగనూరుకు వస్తే పురాణం అధికారంతో ముడిపడింది. తిరుపతి గంగమ్మ కథలో ఆడవాళ్లను చెరబట్టే పాళెగాణ్ని అమ్మవారు వేషాలు మార్చుకుంటూ వెంటాడి చంపుతుంది. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర జరిగేది పాళెగాళ్ల వంశం నుంచి వచ్చిన జమీందారుల ప్యాలెస్‌లోనే, తొలిపూజ ఆ కుటుంబానిదే. పాళెగాణ్ని చంపిన దేవతకు ఒక ఊళ్లో పాళెగాళ్ల వారసులే మొదటి భక్తులు! ఇందులో నాకు వైరుధ్యం కన్నా ఒక ఒప్పందం కనిపిస్తుంది. పాలించేవాడు అమ్మవారి ముందు అందరి ఎదుటా తలవంచితేనే ఊరు అతని పెత్తనాన్ని ఒప్పుకుంటుంది. 1948 చట్టం జమీందారీలను రద్దు చేసినా ఆ ప్యాలెస్ తలుపులు జాతరకు తెరుచుకుంటూనే ఉన్నాయి. ఏథెన్సు నియంత పెయిసిస్ట్రాటస్ ఒక పొడగరి స్త్రీకి అథీనా వేషం కట్టించి, రథం మీద ఆమెతో నగరంలోకి వచ్చాడని చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఏథెన్సు వాళ్లు ఇంత తేలిగ్గా మోసపోయారా అని ఆయన విస్తుపోయాడు. జాతరలో వేషాలు చూసినవాళ్లకు ఆ విస్మయం అవసరం లేదు. ఆ మనిషి ఎవరో అందరికీ తెలుసు, ఆ పూటకు ఆమె అమ్మవారనీ తెలుసు. ఈ రెండూ ఒకే మనసులో ఇమిడిపోతాయి.

ఈ సీమ భారతం గురించి చెప్పినదానికి ఒక అభ్యంతరం ఉంది. ద్రౌపది ఆరాధన తమిళనాట సెంజి ప్రాంతంలో బలపడి ఇటు పాకిందని పరిశోధకుడు ఆల్ఫ్ హిల్టెబైటెల్ చూపించాడు కదా, అరువు తెచ్చుకున్నది ఈ సీమ సొంతం ఎలా అవుతుంది? మూడు రాష్ట్రాల సరిహద్దు కలిసే కుప్పంలో ఈ ప్రశ్నకు పెద్ద బలం లేదు. అక్కడ దేవతలూ ఆటగాళ్లూ పాటలూ ఎప్పటినుంచో అటూ ఇటూ దాటుతూనే ఉన్నారు. దియోనీసస్‌ను కూడా గ్రీకులు పరాయి నేల నుంచి వచ్చిన దేవుడనే చెప్పుకున్నారు; తీరా చూస్తే మైసీనియన్ల కాలపు మట్టిపలకల మీదే ఆయన పేరు దొరికింది. ఎక్కడినుంచి వచ్చాడన్నదాని కన్నా ఎవరు ఖర్చు పెట్టి, ఎవరు కంకణం కట్టుకుని జరుపుతున్నారన్నదే లెక్క. ఇది కవిత్రయం చెప్పిన భారతం కాదని పండితులు అనవచ్చు. నిజమే. కానీ గ్రీసులోనూ హోమర్‌ను నోటికి నేర్చిన ఊళ్లే తమ తమ వీరుల సమాధుల దగ్గర తమ కథే చెప్పుకునేవి. అన్నిటినీ సరిచూసే ఒక్క గ్రంథం వాళ్లకు లేదు, దాని కొరతా వాళ్లకు తోచలేదు.

ఇంకా బరువైన అభ్యంతరం చదువుకున్నవారిది: హేతువు పెరిగితే ఇవన్నీ వాటంతటవే పోతాయి. చరిత్ర అలా చెప్పడం లేదు. హోమర్ దేవుళ్లు దొంగతనాలూ వ్యభిచారాలూ చేస్తున్నారని తత్వవేత్త జెనోఫనీస్ క్రీ.పూ. ఆరో శతాబ్దంలోనే ఎండగట్టాడు. ఆ తర్వాత కూడా బలులు తొమ్మిది వందల ఏళ్లు సాగాయి. వాటిని ఆపింది వాదం కాదు, క్రీ.శ. 391, 392లో థియొడోషియస్ చక్రవర్తి ఇచ్చిన నిషేధాజ్ఞలు, ఆ తర్వాత మూతపడిన గుళ్లు. కథలు మాత్రం కవుల దగ్గర, బడుల్లో మిగిలాయి. జరిపే ఊరు లేని కథను తిరిగి రంగం మీదికి తేవడం ఎంత కష్టమో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో పనిచేసిన ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్‌కు తెలిసే ఉండాలి. 1902లో డబ్లిన్‌లో తమ ప్రాచీన గాథలను నాటకాలుగా ఆడిన చిన్న బృందంలో ఆయన ఒకరు. డబ్లిన్‌లో కవులూ మేధావులూ పూనుకుని మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చిన పనిని ఈ సీమలో రైతులు కొనసాగిస్తూ వచ్చారు.

ఇక్కడ భారతానికి నిషేధాల భయం లేదు. రాత్రంతా పద్యం ఎత్తగల గొంతులు, వేషం కట్టడం నేర్పే గురువులు తరిగిపోవడమే నన్ను కలవరపెడుతుంది. 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం కుప్పంలోనే ఉంది. నాలుగు భాషల సరిహద్దు సంస్కృతి కోసం పుట్టిన సంస్థకు ఇంతకన్నా దగ్గరి పని ఉండదు: ఒక్కో పల్లె ఆడే భారతాన్ని ఆ ఊరి పాఠంతో, ఆ ఊరి దరువులతో, ఉభయాల లెక్కలతో సహా, ఆడేవాళ్లు ఉండగానే రాసి పెట్టడం.