చియెన్ లుంగ్ చక్రవర్తి రుచులు

ఉగాది సంచికలో చీనా చక్రవర్తి ముచ్చట యెందుకని కొందరు అడుగవచ్చును. పరభాషల నడుమ కాపురముంటూ యింటి రుచినీ, యింటి మాటనూ నిలుపుకొనవలసిన చిక్కు మనకే వచ్చినది కాదు. సింహాసనం మీద కూర్చున్నవానికీ తప్పలేదు.

చియెన్ లుంగ్ 1735లో గద్దె నెక్కి 1796 వరకు ఏలినాడు. ఆయన చీనీయుడు కాడు. మంచూరియా నుండి దిగివచ్చి 1644లో పెకింగు నాక్రమించిన మంచూల వంశంవాడు. పాలు పోసిన తేనీరు, లేడిమాంసం వారి పుట్టింటి రుచులు. ఆ తేనీటికి ఆయన మెచ్చిన జేడు రాతి గిన్నెలలో మన దేశపు మొగలాయి పనివాండ్ర పద్ధతివి ఉండేవి. వాటి పలుచదనాన్ని పొగడుతూ పద్యాలు కూడ వ్రాసినాడు.

నాలుక మాత్రం దక్షిణ చీనాకు లొంగిపోయింది! 1765లో దక్షిణ యాత్రలో సూచౌ వంటవాడు చాంగ్ తుంగ్‌క్వాన్ చేతివంట తిన్నది మొదలు అతనిని విడువలేదు. బాతుమాంసం, పక్షిగూళ్ల వంటకాలంటే ప్రభువుకు ప్రీతి. రోజుకు రెండే పెద్ద భోజనాలు. ఏ పూట ఏమి వడ్డించినారో, ఎవరు వండినారో వ్రాసిన వంటశాల దస్తరాలు నేటికీ ఉన్నవి. రాజుల యుద్ధాల లెక్కలకంటె యిట్టి లెక్కలే మాకు ఎక్కువ నమ్మకంగా తోచును.

నీటినైనా వెండి కొలపాత్రతో తూచి, తేలికైనదే మేలైనదని తీర్పు చెప్పినాడు. కొత్త సంవత్సరపు విందులో మంచునీటిని కాచి, అందులో ప్లమ్ పువ్వులు, పైన్ గింజలు, వేళ్లవలె చీలిన మాదీఫలం వేసి కొలువువారికి పోయించేవాడు. వారు పద్యాలల్లవలె, తాగిన గిన్నెలు యింటికి పట్టుకొని పోవచ్చును. మన వేపపువ్వూ, కవిసమ్మేళనమూ జ్ఞప్తికి రాక మానవు.

తానూ నలుబదివేలకు పైగా పద్యాలు వ్రాసినాడు. జనం నోట నిలిచినవి అరుదు. పూర్వుల చిత్రపటాల ఖాళీలలో తన పద్యాలూ, ముద్రలూ నింపడం మాకు నచ్చని పని. 1773లో మహాగ్రంథ సంకలనం ఆరంభింపజేసి, ఆ నెపంతోనే వేలకొలది పుస్తకాలను నిషేధించినవాడూ ఆయనే.

ఇంతటి చీనా రసికుడు, తనవారు మంచూభాష మరచుచున్నారని మాటిమాటికీ మందలించేవాడు. రాజధానిలో ఆ మందలింపు పనిచేయలేదు. అక్కడ మంచూభాష క్రమంగా అణగారిపోయినది. 1764లో ఆయనే సుమారు వేయిమంది సిబె సైనికులను కుటుంబాలతో సహా పడమటి సరిహద్దున ఉన్న ఇలీ లోయకు పంపినాడు. మంచూకు మిక్కిలి దగ్గరిదైన భాషను ఆ వలసవారి సంతతి నేటికీ అక్కడ మాట్లాడుచున్నది.