పెళ్లిరోజుకి తంజావూరు

డిగ్రీలో తెలుగు తీసుకున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. సాహిత్య చరిత్రలో రాయలవారి ప్రబంధ యుగం అయిపోగానే "దక్షిణాంధ్ర యుగం" అని ఒక పాఠం వస్తుంది. విజయనగర వైభవం తగ్గాక తెలుగు కవిత్వం తంజావూరు, మధుర వెళ్లి అక్కడి నాయక రాజుల కొలువుల్లో బతికిందని చెప్పే పాఠం అది. కొందరు విమర్శకులు ఆ కాలానికి "క్షీణయుగం" అని కూడా పేరు పెట్టారు. పాఠం చివర ఒక పేరాలో కవయిత్రుల పేర్లు వరసగా ఉంటాయి. రామభద్రాంబ, మధురవాణి, రంగాజమ్మ, ముద్దుపళని. పరీక్షలో అది రెండు మార్కుల ప్రశ్న. నాకు మాత్రం అప్పట్నుంచీ ఒక ప్రశ్న మిగిలిపోయింది. నూటయాభై ఏళ్లలో ఒకే ఊళ్లో ఇంతమంది ఆడవాళ్లు కావ్యాలు రాశారంటే ఆ ఊరు ఎలాంటిదై ఉంటుంది?

ఈసారి మా ఇరవై నాలుగో పెళ్లిరోజుకి ఆ ఊరే వెళ్లొచ్చాం. పిల్లలిద్దరూ హాస్టళ్లలో ఉన్నారు. అత్తయ్యగారి దగ్గర ఉండడానికి మా ఆడపడుచు వచ్చింది. మావారు లెక్కల మాస్టారు, శనివారం ఒక్కరోజు సెలవు పెడితే సరిపోయింది. నెల్లూరు నుంచి మద్రాసు ఎంతసేపు! అక్కడ ఎగ్మోరులో రాత్రి బండెక్కితే తెల్లారేసరికి తంజావూరు. "ఊటీ అంటావనుకున్నాను, పాఠం చూపిస్తానంటావేంటి" అని మావారు నవ్వారుగానీ టిక్కెట్లు తీసింది ఆయనే.

ముందు పెద్ద గుడికి వెళ్లాం. బృహదీశ్వరాలయాన్ని అక్కడ అందరూ పెద్ద గుడి అనే అంటారు. రాజరాజ చోళుడు కట్టించాడు, 1010లో పూర్తయింది. విమానం ఎత్తు దాదాపు 216 అడుగులు, అంతా రాయే. 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. అందరూ తలెత్తి శిఖరం చూస్తారు. మీరు వెళ్తే దానితోపాటు కింద పీఠం గోడలు కూడా చూడండి. బారులు తీరిన అక్షరాలు కనిపిస్తాయి. తమిళ శాసనాలు. గుడికి తానిచ్చిన కానుకలతో పాటు తన అక్క ఇచ్చినవీ, తన భార్యలు ఇచ్చినవీ, మిగతావాళ్లు ఇచ్చినవీ అన్నీ రాతి మీద చెక్కమని రాజే చెప్పి చెక్కించాడు. అక్క పేరు కుందవ. ఆవిడ ఇచ్చిన విగ్రహాలు, నగలు అన్నీ ఆవిడ పేరుతోనే ఉన్నాయి. మనలో చాలామంది ఇళ్లలో పసుపు కుంకుమల కింద వచ్చిన చెంబు మీద కూడా మగవాళ్ల పేరే ఉంటుంది కదా!

అదే గోడల మీద ఇంకో శాసనం ఉంది. చోళదేశంలోని వేరే వేరే గుళ్ల నుంచి నాలుగు వందల మంది నాట్యగత్తెల్ని తీసుకొచ్చి ఈ గుడి చుట్టూ వీధుల్లో ఇళ్లిచ్చి కాపురం పెట్టించారు. ఒక్కొక్కరికి ఒక ఇల్లు, ఏడాదికి నూరు కలముల వడ్లు. ఒక్కొక్కరి పేరూ, ఏ గుడి నుంచి వచ్చిందో, ఏ వీధిలో ఏ వరసలో ఎన్నో ఇల్లో, అన్నీ చెక్కి ఉన్నాయి. మావారు వెంటనే "నలభై వేల కలములు" అని లెక్క కట్టేశారు. నాకు తమిళం చదవడం రాదు. అయినా ఆ గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. వెయ్యేళ్ల కిందటి ఆడవాళ్లు, వాళ్ల పేర్లూ ఇంటి నంబర్లూ సహా నా ఎదుట ఉన్నారు.

అసలు మనకీ తంజావూరికీ చుట్టరికం అప్పటిదే. రాజరాజ చోళుడి కూతురి పేరు కూడా కుందవే. ఆవిణ్ణి వేంగి చాళుక్యుల ఇంటికి, విమలాదిత్యుడికి ఇచ్చారు. వాళ్ల కొడుకే రాజరాజ నరేంద్రుడు. రాజమహేంద్రవరంలో నన్నయ్యగారి చేత భారతం తెలుగులో రాయించిన రాజు ఆయనే. పేరు తాతగారిదే. పైగా ఆయన మేనమామ రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవినే చేసుకున్నాడు. అచ్చంగా మన మేనరికం! వాళ్ల అబ్బాయే తర్వాత కులోత్తుంగ చోళుడిగా చోళ సింహాసనం ఎక్కాడు. అంటే మన ఆదికవిని పోషించిన రాజుకి తంజావూరు అమ్మగారి పుట్టిల్లు. ఈ సంగతి చెప్పగానే మావారు "అయితే మనం చుట్టపుచూపుగా వచ్చినట్టే" అన్నారు.

చోళుల తర్వాత కొన్ని వందల ఏళ్లకి, 1532 ప్రాంతంలో, తంజావూరు తెలుగు నాయక రాజుల చేతికి వచ్చింది. సేవప్ప నాయకుడు మొదలుపెట్టిన ఆ వంశం 1673 దాకా ఏలింది. పెద్ద గుడిలో మనం ఫొటోలు తీసుకునే నంది మండపం వాళ్ల కాలపుదే. గర్భగుడి చుట్టూ ఉన్న చీకటి నడవాలో చోళుల కాలం నాటి బొమ్మల మీద నాయకుల కాలంలో కొత్త బొమ్మలు వేశారు. 1931లో పై పొర పెచ్చులూడిన చోట అడుగున పాత బొమ్మలు బయటపడ్డాయి. ఈ ఊరి కథంతా ఇలాగే ఉంటుంది. ఒకదాని కింద ఇంకొకటి దాగి ఉంటుంది.

మధ్యాహ్నం రాజుగారి కోటలోకి వెళ్లాం. నాయకులు కట్టించగా తర్వాత మరాఠా రాజులు పెంచిన కోట అది. రఘునాథ నాయకుడు తానే కవి. ఆయన మీద రామభద్రాంబ "రఘునాథాభ్యుదయం" అని సంస్కృతంలో పన్నెండు సర్గల కావ్యం రాసింది. ఆయన తెలుగు రామాయణాన్ని మధురవాణి సంస్కృతంలోకి మార్చింది. ఆయన కొడుకు విజయరాఘవుడి కొలువులో రంగాజమ్మ "మన్నారుదాస విలాసం", "ఉషాపరిణయం" రాసి కనకాభిషేకం అందుకుంది. మగ కవులకి చేసినట్టే ఒక స్త్రీకి బంగారంతో అభిషేకం! 1673లో మధుర నాయకుడితో యుద్ధంలో విజయరాఘవుడు చనిపోయాడు. కొద్ది కాలానికే శివాజీ తమ్ముడు ఏకోజీ వచ్చి తంజావూరు పట్టుకున్నాడు. విచిత్రమేమిటంటే రాజులు మరాఠీవాళ్లు, ప్రజలు తమిళులు, అయినా కొలువులో తెలుగు మాత్రం పోలేదు. ఏకోజీ కొడుకు శాహజీ తెలుగులో యక్షగానాలు రాశాడు.

ఆ మరాఠా రాజుల్లో ప్రతాపసింహుడి కాలంలో, అంటే 1739 నుంచి 1763 మధ్య, ముద్దుపళని "రాధికా సాంత్వనం" రాసింది. తన పరిచయం చెప్పుకునేటప్పుడు ఆవిడ తన అమ్మమ్మల నాయనమ్మల వరస గర్వంగా చెప్పుకుంది. నాయనమ్మ తంజనాయకి కూడా కళల్లో పేరున్న మనిషి.

ఆ సాయంత్రం అరిటాకులో భోంచేసి, డవరా గ్లాసుల్లో కాఫీ ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు మావారు అడిగారు.

"సాంత్వనం అంటే?"

"అలిగినవాళ్లని బుజ్జగించడం."

"ఎవరు ఎవర్ని?"

"కృష్ణుడు రాధని."

"అంటే మనింట్లో జరిగేదే" అన్నారు.

నవ్వొచ్చిందిగానీ కథ అంత తేలిక కాదు. ఇళ అనే పిల్లని రాధే పెంచి, రాధే కృష్ణుడికిచ్చి పెళ్లి చేస్తుంది. ఆ తర్వాత ఆ ఎడబాటు తట్టుకోలేక తానే కుమిలిపోతుంది. పెద్దరికంతో చేసిన పని ఒకటి, మనసు పడే బాధ ఇంకొకటి. చివరికి కృష్ణుడే వచ్చి ఆవిడ కోపం తీర్చాలి. వయసు దాటుతున్న స్త్రీకి కూడా కోరిక ఉంటుందనీ, ఆ కోపానికి న్యాయం ఉందనీ ఆవిడ వైపు నుంచి చెప్పిన కావ్యం అది. మావారు కాఫీ తాగడం ఆపి విన్నారు. "ఇది మీ పాఠంలో ఉందా?" అన్నారు. లేదు. పేరొక్కటే ఉంది.

ఎందుకు లేదంటే, దాన్ని లేకుండా చేశారు కాబట్టి. కందుకూరి వీరేశలింగంగారు కవుల చరిత్రలో ముద్దుపళని పాండిత్యాన్ని ఒప్పుకుంటూనే, ఆ పుస్తకంలో కొన్ని చోట్లు ఆడవాళ్లు వినదగనివనీ, ఒక స్త్రీ నోటి నుంచి రాకూడనివనీ తప్పుపట్టారు. అంతకుముందు 1887లో అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలు తీసేసి ఉన్నాయి. బెంగుళూరు నాగరత్నమ్మగారు, సంగీత విద్వాంసురాలు, కష్టపడి మూల ప్రతి సంపాదించి, తీసేసిన పద్యాలన్నీ కలిపి, 1910లో వావిళ్లవారి ద్వారా మొత్తం అచ్చు వేయించారు. పీఠికలో సూటిగా అడిగారు. సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకి వద్దా? ఇంతకన్నా ఎక్కువ శృంగారం రాసిన మగకవుల పుస్తకాలు పాఠ్యపుస్తకాలు అవుతున్నాయి కదా అని. మరుసటి ఏడాది, 1911లో, ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. స్వాతంత్ర్యం వచ్చే ముందు, టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా ఉన్నప్పుడు నిషేధం తీశారు. 1952లో వావిళ్లవారు మళ్లీ అచ్చు వేశారు. ఆ ఏడే నాగరత్నమ్మగారు పోయారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రంగాజమ్మా, ముద్దుపళనీ, నాగరత్నమ్మా ముగ్గురూ కళావంతుల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. ఆ రోజుల్లో మనలాంటి ఇళ్లలో ఆడపిల్లకి అక్షరాలు నేర్పడమే తప్పు. ఇల్లాలికి ఇల్లిచ్చి చదువు ఇవ్వలేదు. వాళ్లకి చదువిచ్చి గౌరవం ఇవ్వలేదు. "క్షీణయుగం" అనే మాట వెనక ఎంతమంది ఉన్నారో ఆ కోటలో తిరుగుతుంటే అర్థమైంది.

కోటలోనే సరస్వతీ మహల్ గ్రంథాలయం ఉంది. నాయకుల కాలంలో మొదలైన పుస్తక భాండాగారాన్ని 1798 నుంచి 1832 దాకా రాజైన శరభోజి ఎంతో పెంచాడు. 1918 నుంచి అది అందరిదీ అయింది. సంస్కృతం, తమిళం, మరాఠీతో పాటు తెలుగు తాటాకులు కూడా అక్కడ వందల కొద్దీ ఉన్నాయి. మనలాంటి చూడవచ్చినవాళ్లకి అద్దాల పెట్టెల్లో కొన్ని మాత్రమే చూపిస్తారు. గోళ్లంత సన్నటి ఆకుల మీద గంటంతో గీసి, మసి రాసిన గుండ్రటి అక్షరాలు. చుట్టూ అందరూ తమిళం మాట్లాడుతున్నారు. మధ్యలో ఆ ఆకు మీద "శ్రీ" అని చదవగలిగాను. గొంతు పట్టేసింది.

ఆదివారం పొద్దున తిరువయ్యారు వెళ్లాం. తంజావూరికి పదమూడు కిలోమీటర్లు. ఒకదాని తర్వాత ఒకటి నదుల మీద వంతెనలు దాటి వెళ్లాలి. కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి. 1847లో ఆయన సిద్ధి పొందాక ఆ చోటు పాడుపడిపోయింది. 1920లలో నాగరత్నమ్మగారు సొంత డబ్బుతో స్థలం కొని గుడి కట్టించారు. కట్టించిన ఆవిడనే ఆరాధనలో పాడనివ్వలేదు, ఆడది కాబట్టి. ఆవిడ ఊరుకోలేదు. ఆడవాళ్లని కూడగట్టి సమాధి వెనక పక్క విడిగా పాడించారు. 1940ల మొదట్లో జట్లన్నీ ఒకటయ్యాయి. ఇప్పుడు పుష్య బహుళ పంచమికి టీవీలో పంచరత్న కీర్తనలు చూస్తుంటాం కదా, ఆడవాళ్లు ఒక పక్క వరసగా కూర్చుని పాడుతుంటారు. ఆ వరస ఆవిడ సంపాదించిపెట్టింది. ఉన్న ఆస్తంతా ఆ సేవకే రాసిచ్చారు. ఆవిడ సమాధి స్వామివారి సమాధికి ఎదురుగానే ఉంది. చేతులు జోడించి కూర్చున్న విగ్రహం. నా తలలో పూలు కొంచెం తీసి అక్కడ పెట్టాను.

ఈ మూడు చోట్లా నాకు ఒకటే కనిపించింది. ఆడవాళ్ల మాట దానంతటదే నిలవలేదు. రాజు చెక్కించాడు కాబట్టి నాలుగు వందల పేర్లు మిగిలాయి. నాగరత్నమ్మగారు పట్టుబట్టారు కాబట్టి ముద్దుపళని మిగిలింది. ఎవరో ఒకరు రాసిపెట్టాలి. లేకపోతే పోతుంది.

మా అత్తయ్యగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. చదివింది రెండో తరగతి. అప్పగింతల పాటలు, లాలి పాటలు, నలుగు పాటలు ఎన్ని వచ్చో ఆవిడకే లెక్క లేదు. ఏ పుస్తకంలోనూ అవి నాకు కనిపించలేదు. తిరిగొచ్చిన మర్నాటి నుంచి, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక, ఆవిడ పాడుతుంటే ఒక పొడుగు నోటుబుక్కులో రాస్తున్నాను. ఇప్పటికి పదిహేడు అయ్యాయి. మావారు పేజీలకి అంకెలు వేసి విషయసూచిక తయారుచేస్తున్నారు. మొదటి పేజీలో మీ పేరు రాయనా అత్తయ్యా అని అడిగితే ఆవిడ ఒప్పుకోలేదు. ముందు తనకి నేర్పిన అమ్మమ్మ పేరు రాయమన్నారు. అలాగే రాశాను. కింద ఆవిడ పేరు కూడా రాశాను.

మీ ఇళ్లలోనూ ఇలాంటి పెద్దవాళ్లు ఉంటారు. ఈ వారమే ఒక పాట అడగండి.