ట్రాక్టర్ సైలెన్సర్ లీకైతే పుట్టీ పనికొస్తుందా?

వరి కోతలు దగ్గర పడితే చాలు, ట్రాక్టర్ ఉన్న రైతుల నుంచి ఈ ప్రశ్న వస్తుంది: "సార్, సైలెన్సర్‌కు చిల్లు పడింది. పుట్టీ పెట్టి ఈ సీజన్ గడిపేయొచ్చా?" ఈమధ్య బషీర్‌బాగ్‌లోని వ్యవసాయ కమిషనరేట్‌కు పని మీద వచ్చిన ఒక రైతు, పక్కనే ఉన్న హిమాయత్‌నగర్‌లో ఒక హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి పుట్టీ కొని తెచ్చి నాకు చూపించాడు. అది నీళ్ల ట్యాంకుకు, పైపులకు పెట్టే రెండు ముద్దల పుట్టీ. ప్యాకెట్ ఇంకా విప్పలేదు కాబట్టి తిరిగి ఇచ్చేయమన్నాను.

ఊళ్లలో మనం ఎంసీల్ అని పిలిచే ఈ రకం పుట్టీ ఎపాక్సీతో తయారవుతుంది. చల్లగా ఉండే చోట రాయిలా పట్టుకుంటుంది. కానీ మామూలు ఎపాక్సీ 100, 150 డిగ్రీల వేడి దాటితే మెత్తబడుతుంది, ఆపైన మాడి రాలిపోతుంది. దుక్కి దున్నుతూ లోడు మీద ఉన్న డీజిల్ ఇంజన్‌లో మేనిఫోల్డ్ దగ్గర పొగ వేడి 400 నుంచి 600 డిగ్రీల దాకా పోతుంది. రెండు ట్యూబుల గమ్ములైనా, చుక్క వేస్తే అతుక్కునే గమ్ములైనా ఇంతే. ఇంజన్ ప్యాకింగులకు రాసే ఎర్ర సిలికాన్ వీటికంటే వేడి తట్టుకుంటుంది గానీ, అది కూడా సుమారు 250, 300 డిగ్రీల వరకే.

సైలెన్సర్‌కు వాడవలసింది వేరు. ఆటో స్పేర్ పార్టుల షాపులో "సైలెన్సర్ పేస్ట్" లేదా "ఎగ్జాస్ట్ పుట్టీ" అని అడగండి. హైదరాబాద్ వచ్చినవారు పుత్లీబౌలిలోనో, రాణీగంజ్‌లోనో అడిగి చూడవచ్చు. దీనిలో ఎక్కువగా ఉండేది సోడియం సిలికేట్, మెత్తటి ఖనిజ పొడి. ట్యూబు మీద ఎంత వేడి తట్టుకుంటుందో రాసి ఉంటుంది. అది చూడకుండా కొనవద్దు.

దీనికీ ఒక హద్దు ఉంది. ఆరాక పేస్ట్ పెంకులా గట్టిపడుతుంది గానీ వంగదు. ట్రాక్టర్ అదురుకు పగులుతుంది. కాబట్టి ఇది సందు మూస్తుందే తప్ప ఇనుముకు బలం ఇవ్వదు. గొట్టంలో గొట్టం దూరే జాయింటు దగ్గర, సూదిమొన చిల్లుల దగ్గర బాగా పనిచేస్తుంది. చిల్లు చిటికెన వేలు దూరేంత ఉంటే పేస్ట్ ఒక్కటే నిలవదు. దాని మీద రేకు ముక్క వంచి చుట్టి, రెండు వైపులా క్లాంపులు బిగించాలి, పేస్ట్ ఆ రేకు కింద ఉండాలి. చెయ్యి పెట్టి నొక్కితే రేకు లోపలికి పోతుంటే ఆ సైలెన్సర్ పని అయిపోయినట్టే, కొత్తది వేయించండి.

పేస్ట్ పెట్టే పనిలో ఎక్కువ మంది తొందరపడేది రెండుచోట్ల. ఒకటి, తుప్పు తీయకపోవడం. ఇంజన్ పూర్తిగా చల్లారాక ఇనుప బ్రష్‌తోనూ ఉప్పు కాగితంతోనూ మెరిసే ఇనుము కనబడేదాకా రుద్దండి. నూనె, మసి తుడిచి, ఆ చోటును కాస్త నీళ్లతో తడిపి పేస్ట్ పెట్టండి. రెండోది, పెట్టగానే పొలానికి తోలడం. లోపలి తడి మెల్లగా పోవాలి. ఒక్కసారిగా వేడి తగిలితే అది ఆవిరై బుడగలు లేస్తుంది, పేస్ట్ పొంగి ఊడుతుంది. ట్యూబు మీద వేరేగా చెప్పకపోతే రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున్నే పదిహేను నిమిషాలు లోడు లేకుండా నడపండి. చేతికి తొడుగులు వేసుకోండి, పేస్ట్ చర్మాన్ని మండిస్తుంది.

కొన్నిచోట్ల అసలు పెట్టకూడదు. మేనిఫోల్డ్ పగిలితే, దాని ప్యాకింగ్ పోతే మార్చడమే మార్గం. టర్బో ఉన్న బండికి టర్బో కంటే ముందు భాగంలో పేస్ట్ వద్దు, పెచ్చు ఊడి లోపలికి పోతే టర్బో రెక్కలు దెబ్బతింటాయి. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ పైబడిన ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. ఆ బండ్ల పొగగొట్టంలో శుద్ధి పరికరాలు, సెన్సర్లు ఉండవచ్చు, వాటిని కంపెనీ మెకానిక్‌కే వదిలేయండి. వెల్డింగ్ చేయిస్తే ముందు బ్యాటరీ ఎర్త్ వైరు తీయించండి, లేకపోతే ఆల్టర్నేటర్ పోయే ప్రమాదముంది. బండిని గడ్డివాముకు దూరంగా నిలపండి.

చప్పుడే కదా అని లీకును వదిలేయకండి. చిల్లులోంచి వచ్చే నిప్పురవ్వ గానీ వేడి పొగ గానీ ఎండుగడ్డికి తగిలితే వాము, ట్రాలీ రెండూ పోతాయి. గడ్డి మోసే రోజుల్లో లీకు ఉన్న బండిని కల్లంలోకి తేవద్దు. ఇక పొగ సంగతి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. ఆయిల్ ఇంజన్‌ను, జనరేటర్‌ను తలుపులు మూసిన షెడ్డులో నడిపితే, గొట్టం లీకైన చోటు నుంచి అది గదిలో నిండుతుంది. తలనొప్పి, తిరగడం, వాంతి వచ్చినట్టుంటే మనిషిని వెంటనే బయటి గాలిలోకి తెచ్చి 108కు ఫోన్ చేయండి. మీరు లోపలికి వెళ్లేముందు తలుపులన్నీ తెరవండి. డీజిల్ పొగ క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో ప్రకటించింది. రోజంతా సీటు మీద కూర్చునే డ్రైవరుకు ఇది చిన్న విషయం కాదు.

సైలెన్సర్ లోపలి నుంచి ఎందుకు తుప్పు పడుతుందని చాలామంది అడుగుతారు. ఒక లీటరు డీజిల్ కాలితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. బండిని ఐదు నిమిషాలు నడిపి ఆపేస్తే ఆ ఆవిరి గొట్టంలోనే నీరై నిలుస్తుంది. సీజన్ కాని రోజుల్లో ఊరికే స్టార్ట్ చేసి ఆపేకంటే, పదిహేను రోజులకోసారి గొట్టం బాగా వేడెక్కేదాకా నడపడం మంచిది. పైకి నిలబడిన గొట్టమైతే వానకాలంలో దాని మీద ఒక ఖాళీ డబ్బా బోర్లించండి. స్టార్ట్ చేసే ముందు అది తీయడం మాత్రం మరచిపోకండి.