డీజే పాటలు (తెలంగాణ)

జానపద గీతాలకు, సినిమా పాటలకు ఎలక్ట్రానిక్ తాళమును జతచేసి, ఊరేగింపులలో పెద్ద స్పీకర్లపై వినిపించుటకు తయారుచేసిన మిక్స్ పాటలను తెలంగాణలో డీజే పాటలు అంటారు. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో పెళ్ళి బరాత్, వినాయక నిమజ్జనము, బోనాలు, బతుకమ్మ వంటి వేడుకలలో ఇవి తరచుగా వినిపిస్తాయి. పాశ్చాత్య దేశాలలో క్లబ్ డీజేలు రూపొందించే హౌస్ సంగీతపు మిక్స్ ఆల్బమ్‌లకు ఇవి దూరపు బంధువులు. పాటలను కూర్చే పద్ధతి రెండింటిలోను ఒక్కటే. అయితే మూల కళాకారుల పేర్లను నమోదు చేయు విషయంలో రెండింటికీ పెద్ద వ్యత్యాసము కలదు.

పేరు

డీజే అనునది డిస్క్ జాకీ అను మాటకు సంక్షిప్త రూపము. రికార్డులను ఒకదాని తరువాత ఒకటిగా వినిపించే వ్యక్తి అని దీని అర్థము. తెలంగాణ వాడుకలో ఈ మాట వ్యక్తికే గాక, స్పీకర్లు, జనరేటరు అమర్చిన వాహనానికి కూడా వర్తిస్తుంది. "పెళ్ళికి డీజే పెట్టారు" అన్నప్పుడు ఈ రెండవ అర్థమే ప్రధానము.

నేపథ్యము

హౌస్ సంగీతము అమెరికాలోని షికాగో నగరంలో 1980 దశకపు తొలి సంవత్సరాలలో రూపుదిద్దుకున్నది. 1977లో ప్రారంభమైన వేర్‌హౌస్ అను క్లబ్బు పేరు నుండి దీనికి ఈ పేరు వచ్చినదని చెబుతారు. అక్కడి డీజే ఫ్రాంకీ నకల్స్ ఈ సంగీతానికి ఆద్యులలో ఒకరు. నిమిషానికి సుమారు 120 నుండి 130 దెబ్బలు, ప్రతి ఆవర్తములో సమానమైన నాలుగు బలమైన మోతలు దీని లక్షణాలు.

క్లబ్బులో రాత్రంతా ఆగకుండా సాగే ఈ కూర్పును ఇంటిలో వినుటకు వీలుగా మిక్స్ ఆల్బమ్‌లు వెలువడినవి. 1994లో సాషా, జాన్ డిగ్‌వీడ్‌లు కూర్చిన "రెనైసాన్స్: ది మిక్స్ కలెక్షన్", 1995లో మొదలైన "డీజే-కిక్స్" వరుస వీటిలో పేరొందినవి. ఇటువంటి అధికారిక సంకలనాలలో హక్కుదారుల అనుమతి తీసుకొని, ప్రతి పాట పేరును, కళాకారుని పేరును అట్టపై ముద్రిస్తారు.

భారతదేశంలో 2002 నాటి "కాంటా లగా" రీమిక్స్ ఈ ధోరణికి విశేష ప్రచారము తెచ్చినది. దీని మూలము 1972 నాటి "సమాధి" అను హిందీ చిత్రంలో లతా మంగేష్కర్ పాడిన పాట.

తయారీ విధానము

మొదట పాట వేగమును నిమిషానికి ఇన్ని దెబ్బలని లెక్కిస్తారు. ఉదాహరణకు 100 దెబ్బల పాటను 125కు పెంచవలెనన్న వేగము నాలుగవ వంతు పెరగాలి. టేపును వేగంగా తిప్పినట్లు పెంచినచో గాయని శ్రుతి కూడా సుమారు నాలుగు అర్ధస్వరాలు పైకి పోయి గొంతు సన్నబడుతుంది. కంప్యూటరు సాఫ్ట్‌వేరు శ్రుతి మారకుండా వేగమును మాత్రమే మార్చగలదు. తరువాత డప్పు, తీన్‌మార్ దరువులను చేర్చి, ఒక పాట చివరి దరువుతో మరొక పాట మొదటి దరువును కలుపుతారు. మధ్యమధ్య మిక్స్ చేసిన డీజే పేరును పలికించుట పరిపాటి.

ప్రాచుర్యము

2021లో మోహన భోగరాజు పాడిన "బుల్లెట్టు బండి" పాటకు, అదే సంవత్సరము మంచిర్యాల జిల్లాలో ఒక వధువు తన పెళ్ళి బరాత్‌లో చేసిన నృత్యము విస్తృత ప్రచారము తెచ్చినది. లక్ష్మణ్ రచించిన ఈ పాటకు ఎస్.కె. బాజి సంగీతము కూర్చారు. 2022లో డీజే పాత్ర కథానాయకుడుగా "డీజే టిల్లు" చిత్రము విడుదలైనది.

పేర్ల సమస్య

నాటు వేస్తూ, కలుపు తీస్తూ పాడుకునే పాటలకు కర్త ఎవరో సాధారణంగా తెలియదు. కాని జానపద బాణీలో ఇటీవలి కవులు వ్రాసిన పాటలు కూడా అనేకము కలవు. మిక్స్ పాట పెన్‌డ్రైవుల ద్వారా, ఫోన్ల ద్వారా చేతులు మారునప్పుడు డీజే పేరు పాటలోనే నిలుస్తుంది. వ్రాసిన వారి పేరు, పాడిన వారి పేరు రాలిపోతాయి. వినేవారు ఆ పాటను ఎవరిదీ కాని పాటగా భావించుట కద్దు.

కాపీరైటు చట్టము, 1957లోని 52వ సెక్షను ప్రకారము పెళ్ళి ఊరేగింపులో పాటను వినిపించుట ఉల్లంఘన కాదు. అయితే ఈ మినహాయింపు ప్రదర్శనకే గాని, మిక్స్ తయారుచేసి పంచుటకు వర్తించదు. 2012 సవరణ ద్వారా చేరిన 38బి సెక్షను, తన ప్రదర్శనకు తన పేరు పేర్కొనవలెనని కోరే హక్కును గాయకులకు ఇచ్చినది.

డప్పు కళాకారుల పరిస్థితి మరొక అంశము. ఊరేగింపులలో వారికి దక్కే అవకాశాలు డీజేల వలన తగ్గినవి. కాగా డీజే పాటలో వినిపించే దరువు వారి డప్పుదే.

శబ్ద పరిమితులు

శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారము నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు బహిరంగ ప్రదేశాలలో లౌడ్ స్పీకర్ల వాడకముపై నిషేధము కలదు. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించారు.

ఇవి కూడా చూడండి

డప్పు
తీన్‌మార్
బతుకమ్మ
తెలుగు జానపద గీతాలు