ఆవులింత: పూర్వుల తలంపులు, నేటి శోధనలు



ఆవులింతకు అన్న ఉన్నాడు గాని తుమ్ముకు తమ్ముడు లేడని మన పెద్దలు చెప్పుచుందురు. ఒకడు ఆవులించినచో ప్రక్కవాడును ఆవులించును. తుమ్మునకు ఆ తోడు లేదు. ఇంత చిన్న విషయమును గూర్చి విద్వాంసులు రెండువేల యేండ్లకు పైగా విచారించుచున్నారు. నేను ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లల ఆవులింతలను చూచినవాడను. వానిని తెలిసికొనక ఒక తప్పు చేసినవాడను. అందుచే నేడు ఈ విషయమును ఎన్నుకొంటిని.

సంస్కృతమున దీనికి జృంభ యని పేరు. మన వేదాంత గ్రంథములు నాగము, కూర్మము, కృకరము, దేవదత్తము, ధనంజయము అని అయిదు ఉపవాయువులను చెప్పి, ఆవులింతను దేవదత్తమునకు అప్పగించినవి. చరకసంహిత అణపరాని వేగములు పదమూడని లెక్కించి, ఆకలి, దప్పి, నిద్రలతోపాటు ఆవులింతను సైతము వానిలో చేర్చినది. గ్రీసుదేశపు వైద్యుడు హిప్పోక్రేటీసు పేర వెలసిన గ్రంథములలో నొకటి, జ్వరమునకు ముందు ఆవులింతలు వచ్చుననియు, మరుగుచున్న కాగునుండి ఆవిరి వెడలునట్లు దేహమందలి గాలి నోటిని తెరచుకొని వెడలుననియు చెప్పినది.

పిమ్మట, రక్తమున ప్రాణవాయువు తగ్గి బొగ్గుపులుసు వాయువు హెచ్చినపుడు ఆవులింత వచ్చునను మాట లోకమున వ్యాపించెను. నేనును పిల్లలకు అట్లే చెప్పితిని. అమెరికాలో, మేరీలాండు రాష్ట్రపు విశ్వవిద్యాలయమున, రాబర్టు ప్రొవైను అను ఆచార్యుడు దీనిని పరీక్షించి 1987లో ఫలితమును ప్రకటించెను. విద్యార్థులచే శుద్ధ ప్రాణవాయువును, వేరొకమారు నూటికి 3 మొదలు 5 పాళ్లు బొగ్గుపులుసు వాయువు కలిసిన గాలిని పీల్పించెను. బొగ్గుపులుసు గాలికి ఊపిరి వేగము హెచ్చినది గాని, ఆవులింతలు హెచ్చలేదు, ప్రాణవాయువునకు తగ్గనులేదు. గాలి పీల్చని గర్భస్థ శిశువు సైతము ఆవులించునని నేటి యంత్రములు చూపుచున్నవి గదా! ఆ సిద్ధాంతము నిలువలేదు.

2007లో గాలప్ అను ఇంటిపేరుగల ఇరువురు శాస్త్రజ్ఞులు మరియొక త్రోవ త్రొక్కిరి. ఇతరులు ఆవులించుచున్న చిత్రములను కొందరికి చూపిరి. నుదుట చల్లని కట్టు ఉంచుకొన్నవారు, వెచ్చని కట్టు గలవారికంటె చాల తక్కువగా ఆవులించిరి. కావున కాకపట్టిన మెదడును చల్లార్చుటకే ఆవులింత యేర్పడినదని వారి వాదము. 2021లో నూరుకు పైబడిన జాతుల పశుపక్షులను పరిశీలింపగా, మెదడు పెద్దదైనకొలది ఆవులింతయు దీర్ఘమని తేలినది. అయినను ఈ వాదమును అంగీకరింపనివారును కలరు.

ఇక అన్న మాట. 2008లో లండనునందు 29 కుక్కలయెదుట మనుష్యుడు ఆవులింపగా 21 కుక్కలు ఆవులించినవి. 2011లో ఇటలీ పరిశోధకులు, ఆవులింత రక్తబంధువులకు మిక్కిలిగాను, మిత్రులకు అంతకు తక్కువగాను, ఎరుగనివారికి అత్యల్పముగాను సోకునని కనుగొనిరి. మన సామెత తోడుగా అన్ననే పేర్కొనుట ఎంత చిత్రము!

నా తప్పును చెప్పి ముగించెదను. ఒకనాడు పద్యపాఠమున ఒక బాలుడు మాటిమాటికి ఆవులించెను. పాఠమును తిరస్కరించుచున్నాడని కోపించి వానిని బల్లపై నిలువబెట్టితిని. తరగతి యెల్ల నవ్వెను. సాయంకాలము వాని తండ్రి దారిలో కనబడి, "అయ్యవారూ, రాత్రి చేనికి కరెంటు ఒంటిగంటకొచ్చిందండి. నాకు జ్వరం. తెల్లారేదాకా మోటారుకాడ వాడే ఉన్నాడు" అనెను. అణపరాని వేగములను చదువుకొన్న పండితుడను. దానిని అణచుమని పసివానిని శిక్షించితిని. మరునాడు వానిని దగ్గర కూర్చుండబెట్టుకొంటిని గాని, తప్పు నాదని చెప్పుటకు నోరు రాలేదు. ఆ మాట నేడిక్కడ చెప్పుచున్నాను.

మీ యింట మనుమడు పుస్తకము ముందు ఆవులించినచో, కోపింపకముందు రాత్రి యెంతసేపు నిద్రించితివని అడుగుడు. బండి నడుపువాడు ఆవులించినచో, బండి నాపించి కొంతసేపు విశ్రమింపనిండు.

సెలవు.