అంగన్‌వాడీ కార్డు మీది గీత

ఏడాది నిండేదాకా బొద్దుగా పెరిగిన పిల్లవాడు నడక నేర్చాక చిక్కినట్టు కనిపిస్తాడు. నాయనమ్మ దిష్టి తీస్తుంది. పక్కింటావిడ పాలు పడటం లేదేమో చూడమంటుంది. తల్లి గిన్నె పట్టుకుని వాడి వెనక వీధంతా తిరుగుతుంది. ఈ దిగులు ఎప్పటినుంచో ఉన్నదే, దాన్ని కొలిచి చూసుకునే కాగితం మాత్రం ఈమధ్యనే మన చేతికొచ్చింది. అంగన్‌వాడీలో నెలనెలా బరువు చూసి, చుక్క పెట్టి, చుక్కల్ని కలిపి గీసే ఆ గీతకు రెండున్నర శతాబ్దాల పూర్వకథ ఉంది.

అది ఒక తండ్రితో మొదలవుతుంది. ఫ్రాన్స్‌లో గెనో ద మాంబెయార్ అనే ప్రకృతి పరిశోధకుడు ఉండేవాడు. 1759లో పుట్టిన తన కొడుకు ఎత్తును సుమారు ఆరు నెలలకోసారి కొలిచి, 1777 దాకా రాసిపెట్టాడు. పెద్ద శాస్త్రవేత్త అయిన అతని మిత్రుడు బుఫాన్ ఆ అంకెలను తన గ్రంథంలో అచ్చువేయించాడు. 1927లో స్కామన్ అనే అమెరికన్ వాటిని గీతగా మలచి చూపించేదాకా వాటి విలువ సరిగా బయటపడలేదు. పసితనంలో పరుగులు తీసిన ఎదుగుదల ఆ తర్వాత బాగా నెమ్మదించి, మీసాలొచ్చే వయసులో మళ్లీ అందుకుంటుందని ఆ గీత చూపింది.

ఈనాటి తల్లుల దిగులుకు సగం జవాబు అందులోనే ఉంది. ఇప్పటి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో మధ్యరకం మగపిల్లవాడు 3.3 కిలోలతో పుట్టి, ఏడాదికి 9.6 కిలోలవుతాడు. రెండో ఏడు నిండేసరికి 12.2 దగ్గర ఉంటాడు. అంటే మొదటి ఏడాది ఆరు కిలోలకు పైగా పెరిగినవాడు రెండో ఏడాది పెరిగేది సుమారు రెండున్నర కిలోలే. దానికి తగ్గట్టే ఆకలీ తగ్గుతుంది. ఆ సంగతి తల్లికి ముందే చెప్పేవాళ్లుంటే ఎన్ని ఇళ్లల్లో భోజనాల వేళ ఏడుపులు తప్పేవో!

ఎదుగుదల గీతను శాస్త్రవేత్తల పుస్తకాల్లోంచి తీసి తల్లి చేతిలో పెట్టినవాడు బ్రిటిష్ పిల్లల వైద్యుడు డేవిడ్ మోర్లీ. 1956లో ఆయన పశ్చిమ నైజీరియాలోని ఇలేషా పట్టణానికి, వెస్లీ గిల్డ్ ఆసుపత్రిలో పనిచేయడానికి వెళ్లాడు. దగ్గర్లోని ఇమెసి ఇలె అనే పల్లెలో పిల్లలను పుట్టినప్పటినుంచి గమనిస్తూ వచ్చాడు. అక్కడ ఆయన గమనించింది ఇది: పోషణ లోపంతో ఒళ్లు వాచి ఆసుపత్రికి వచ్చే బిడ్డ రాత్రికి రాత్రి అలా అయిపోడు. అంతకు నెలల ముందే బరువు పెరగడం ఆగిపోతుంది. అప్పుడు పట్టుకుంటే ఇంట్లో తిండితోనే నిలబెట్టవచ్చు.

ఆయన తయారుచేసిన కార్డును దగ్గరగా చూడాలి. నిలువునా కిలోలు, అడ్డంగా నెలలు. అడుగున వరసగా చిన్న గళ్లు. మొదటి గడిలో బిడ్డ పుట్టిన నెల పేరు రాసి, అక్కణ్నుంచి నెలల పేర్లు వరసగా నింపుకుంటూ పోతారు. తర్వాత ఎప్పుడు తూచినా ఆ నెల గడి మీద చుక్క పెడితే చాలు, వయసు లెక్క కట్టే పని లేదు. మధ్యలో రెండు వంపు గీతలు ఒక బాటలా పైకి వెళ్తాయి. బిడ్డ చుక్కలు ఆ బాట వెంబడి సాగుతున్నాయా లేదా అన్నదే చూడాలి. విరేచనాలు, తట్టు, దగ్గు ఎప్పుడొచ్చాయో పక్కనే రాసుకునే చోటుంది. కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి ఆసుపత్రి బీరువాకు కాకుండా తల్లికే ఇచ్చేవారు. చదువురాని తల్లులు దాన్ని పోగొట్టుకుంటారన్న అనుమానాన్ని ఆ తల్లులే వమ్ము చేశారు. ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఈ నమ్మకమే.

1975 అక్టోబరు 2న మన దేశంలో సమగ్ర శిశు అభివృద్ధి సేవలు మొదలయ్యాక ఈ ఆలోచన అంగన్‌వాడీలకూ చేరింది. దూలానికి కాటా వేలాడదీసి, గుడ్డ సంచిలో బిడ్డను కూర్చోబెట్టి, వాడు ఏడుస్తూ కాళ్లు తన్నుకుంటుంటే ముల్లు నిలిచేదాకా టీచరమ్మ ఆగడం ఆ రోజుల్లో పెరిగిన ఎందరికో తెలిసిన దృశ్యం.

అయితే కార్డు మీది ఆ బాటను ఎవరి పిల్లలను చూసి గీశారు? చిక్కంతా ఇక్కడే వచ్చింది. 1972లో ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఖరారు చేసిన పోషణ లోపం గ్రేడ్లకు కొలబద్ద బోస్టన్ పిల్లలు. అమెరికా 1977లో తెచ్చిన చార్టులో మూడేళ్లలోపు పిల్లల భాగం ఒహాయో రాష్ట్రంలోని ఎల్లో స్ప్రింగ్స్ అనే ఊరి పరిశోధన నుంచి వచ్చింది. వాళ్లు ఎక్కువగా డబ్బాపాలు తాగి పెరిగిన తెల్లవాళ్ల పిల్లలు. దాన్నే ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశదేశాలకూ సిఫార్సు చేసింది. తల్లిపాలు తాగే బిడ్డ మూడు నెలలు దాటాక సహజంగానే కాస్త నెమ్మదిగా పెరుగుతాడు. ఆ చార్టు మీద అది వెనకబాటుగా కనిపించేది. దాంతో పాలు చాలడం లేదనే మాట, దాని వెనకే డబ్బా. నిండుగా పాలున్న తల్లికి ఆ మాట వినిపించడం అన్యాయం.

అలాగని ఎవరి పిల్లలకు వాళ్ల కొలబద్ద అనడమూ ప్రమాదమే. 1980ల మొదట్లో డేవిడ్ సెక్లర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త, పేద దేశాల్లో పొట్టిగా సన్నగా ఉన్న పిల్లల్లో ఎక్కువమంది చిన్నగా ఉన్నా ఆరోగ్యంగానే ఉన్నారని వాదించాడు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు సారథ్యం వహించిన డాక్టర్ సి. గోపాలన్ దీన్ని గట్టిగా ఎదిరించారు. ఉన్నవాళ్ల పిల్లలు పొడుగ్గా పెరుగుతుంటే, లేనివాళ్ల పిల్లలకు ఈ ఎత్తు చాలనడం ఏం న్యాయమని ఆయన అడిగారు.

ఆయన మాటకు దన్నుగా కొలతలు రావడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. 1997 నుంచి 2003 దాకా బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికాల్లో సుమారు 8,500 మంది పిల్లలను ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలిపించింది. మన వైపు నుంచి దక్షిణ ఢిల్లీలోని కలిగిన కుటుంబాల పిల్లలు. తల్లిపాలు తాగినవాళ్లు, పొగతాగని తల్లుల బిడ్డలు, ఎదుగుదలకు ఆటంకాలు లేని ఇళ్లవాళ్లు కావాలని ఏరి మరీ తీసుకున్నారు. పొడవులో కనిపించిన తేడాల్లో దేశాల వల్ల వచ్చినది 3 శాతమే. సరైన పోషణ ఉంటే ఢిల్లీ బిడ్డా ఓస్లో బిడ్డా దాదాపు ఒకేలా పెరుగుతారని తేలింది. ఆ కొలతలతో 2006లో కొత్త చార్టులొచ్చాయి. ఆకుపచ్చ, పసుపు, నారింజ పట్టీలతో మన కార్డుల మీద ఉన్నవి ఆ గీతలే.

ఇక పక్కింటావిడ అన్న పడని తిండి సంగతి. 1888లో లండన్ వైద్యుడు శామ్యూల్ గీ, ఎంత తిన్నా ఒంటికి పట్టక, పొట్ట ఉబ్బి, విరేచనాలతో క్షీణించే పసిపిల్లల జబ్బును వర్ణించాడు. నయం కావాలంటే తిండితోనే కావాలన్నాడు. డచ్చి ఆల్చిప్పల మాంసం రోజూ పెడితే ఒక బిడ్డ కోలుకుందని, వాటి కాలం అయిపోగానే మళ్లీ పడిపోయిందని రాశాడు. ఏ తిండి వల్ల జబ్బు వస్తోందో మాత్రం ఆయనకు అందలేదు. ఆ తర్వాత అమెరికాలో అరటిపళ్లతో నయం చేశారు. బ్రెడ్డు మానిపించడం వల్ల వచ్చిన గుణాన్ని అరటిపండుకు కట్టబెట్టారు. చివరికి హేగ్ నగరంలోని పిల్లల వైద్యుడు విల్లెమ్ డికె అసలు దోషిని పట్టుకున్నాడు. గోధుమ తీసేస్తే ఈ పిల్లలు కోలుకుంటారని 1941లోనే చెప్పాడు. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువొచ్చి బ్రెడ్డు దొరక్క జనం తులిప్ దుంపలు ఉడికించుకు తిన్నారు. చుట్టూ జనం చిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలకు ఆ తిండి మేలు చేసిందని అంటారు. అయినా డికె దాంతో ఆగలేదు. ఒక్కో బిడ్డను ఏళ్ల తరబడి చూస్తూ, గోధుమ పెట్టినప్పుడు, తీసినప్పుడు బరువు, ఎదుగుదల ఎలా మారాయో పట్టుదలగా నమోదు చేసి 1950లో సిద్ధాంత గ్రంథం సమర్పించాడు. ఇలా నెలల తరబడి రాసుకున్న బరువులే లేకపోతే గోధుమ మీద నేరం రుజువయ్యేది కాదు.

సీలియాక్ అనే ఈ జబ్బు మన దేశంలో గోధుమ ఎక్కువగా తినే ఉత్తరాదిలో కనిపించినంతగా దక్షిణాదిలో కనిపించదు. తెలుగునాట బియ్యంతోనే పసిపిల్లల తిండి మొదలవుతుంది గనుక ఉన్నచోట కూడా ఆలస్యంగా బయటపడవచ్చు. తెలంగాణ అంగన్‌వాడీల్లో ఇచ్చే బాలామృతంలో గోధుమ ఉంటుంది. ఎక్కువమంది పిల్లలకు అది మంచి ఆహారం. అది మొదలుపెట్టాక విరేచనాలు తగ్గక, రెండు మూడు నెలల పాటు గీత పైకి లేవకపోతే కార్డు తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లాలి. అంతదాకా సొంతంగా గోధుమ గానీ పాలు గానీ మాన్పించవద్దు. గోధుమ మానేశాక రక్తపరీక్ష చేస్తే జబ్బున్నా లేనట్టు చూపించవచ్చు. కారణం లేకుండా పాలు ఆపితే ఎదిగే బిడ్డకు మాంసకృత్తులు, కాల్షియం తగ్గిపోతాయి.